చిల్లర పరిచయాలు

సిటీ బస్సులో వంద నోటు ఇస్తే కండక్టరు ముందు నోటు వంక చూసేవాడు, తర్వాత మన మొహం వంక చూసేవాడు. ఆ తర్వాత చెవి మీది పెన్ను తీసి టికెట్టు వెనకాల ఒక అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి చేతిలో పెట్టేవాడు. ఆ సున్నా చుట్టిన అంకే ప్రామిసరీ నోటు. దిగేలోపు గుర్తుపెట్టుకుని అడిగితే డబ్బులు వచ్చేవి. కిటికీలోంచి హుస్సేన్‌సాగర్ చూస్తూ మైమరిస్తే దైవాధీనం. హైదరాబాదులో చదువుకున్నవాళ్లలో, ఉద్యోగాలు వెతుక్కున్నవాళ్లలో ఆ టికెట్టు ముక్కను గుప్పిట్లో నలుపుతూ నిలబడనివాళ్లు అరుదు.

చిల్లర మరీ కటకటగా ఉన్న పూట కండక్టరు దగ్గర ఇంకో ఉపాయం ఉండేది. ఒకే స్టాపులో దిగే ఇద్దర్ని పట్టుకుని, ఇద్దరికీ రావలసింది కలిపి ఒకే నోటుగా ఒకరి చేతిలో పెట్టి, "దిగినంక ఇద్దరు పంచుకోండ్రి" అనేసి "రైట్ రైట్" అని కేకేసేవాడు. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత తొందరగా ఇద్దర్ని కలపలేడు.

నన్నొకసారి కోఠిలో ఒక పెద్దాయనతో ఇలాగే ముడివేశారు. యాభై నోటు. ఆయనకు రావలసింది ఇరవై ఆరు, నాకు ఇరవై నాలుగు. నోటు ఆయన చేతిలో ఉంది కాబట్టి ఆయన ఎటు వెళితే నేనూ అటే. పాన్‌డబ్బా అతను ఏదో ఒకటి కొంటే తప్ప చిల్లర ఇవ్వనన్నాడు. అరటిపళ్ల బండామె ఇంకా బోణీ కాలేదంది. చివరికి పెద్దాయనకే విసుగొచ్చి, "దా బాబూ, చాయ్ తాగుదాం, వాడే ఇస్తాడు చిల్లర" అని పక్కనే ఉన్న ఇరానీ హోటల్లోకి నడిచాడు. ఒక చాయ్ చెప్పి వన్ బై టూ చేయించాడు. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తన హెర్నియా ఆపరేషను, పెద్దకొడుకు వేరు కాపురం, చిన్నకొడుకు దుబాయి ప్రయాణం అన్నీ చెప్పాడు. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. చాయ్ డబ్బులు పోగా మిగిలింది పంచి, నా వైపు ఒక రూపాయి ఎక్కువే జరిపి, అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. కనిపించినా గుర్తుపట్టేవాడు కాదేమో.

ఇలాంటిది మా ఊళ్లో జరగదు. అక్కడ ఎదురుపడిన మనిషి ముందు ఫలానావారి అబ్బాయి, లేదా ఫలానావారింటి అల్లుడు. ఆ తర్వాతే మనిషి. వరస తెలియకుండా ఎవరితోనూ చాయ్ తాగలేం. వరస తెలిశాక కొందరితో అసలే తాగలేం. కొత్త మొహం కనిపిస్తే రచ్చబండ మీద ఉన్నవాళ్లు "ఎవరి తాలూకు బాబూ?" అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాక మన కుర్చీ ఎక్కడ వేయాలో, అసలు వేయాలో వద్దో తేలిపోతుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను నెత్తిన పెట్టుకున్నవాళ్లను ఎందుకంత గట్టిగా తూర్పారబట్టారో, ఆ కుర్చీ దొరకనివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నగరం అడిగే ప్రశ్న వేరు: "ఎక్కడ దిగాలి?" దానికి తాతముత్తాతలతో పనిలేదు.

నగర సంస్కృతి అనగానే మనకు రవీంద్రభారతిలో శాలువాలు, నుమాయిష్‌లో దీపాలు, చార్మినార్ పక్కన ఫొటోలు గుర్తొస్తాయి. నాకు మటుకు నగర సంస్కృతి అంటే ఏ సంబంధమూ లేని మనుషులు ఒకరికొకరు చేసిపెట్టే ఈ చిన్న చిన్న పనులే. నిండు బస్సులో వెనకాల నిలబడ్డవాడి డబ్బులు ఆరు చేతులు మారి కండక్టరు దాకా వెళ్తాయి. టికెట్టూ మిగిలిన చిల్లరా అదే దారిలో వెనక్కి వస్తాయి, మధ్యలో రూపాయి తగ్గదు. సీటు దొరికినవాళ్లు నిలబడ్డవాళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుంటారు. అందులో టిఫిను డబ్బా కారి చీరకు పప్పు మరక అయినా, ఆ మరక తుడుచుకుంటూనే పెట్టుకుంటారు. కిటికీలోంచి కర్చీఫ్ విసిరితే సీటు మనదైపోతుంది. ఇది ఏ మోటారు వాహనాల చట్టంలోనూ లేదు. అయినా బస్సులో పదిమందీ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాడితో జరిగే గొడవలో కూడా అందరూ కర్చీఫ్ పక్షమే.

1932లో నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఇవాళ్టి ఆర్టీసీ మూలాలు అక్కడే. ఎన్ని బస్సులు, ఎన్ని మైళ్లు అనే లెక్కలు పుస్తకాల్లో దొరుకుతాయి. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియకుండా భుజం భుజం రాసుకుంటూ ప్రయాణం చేయడం మన సమాజానికి ఎంత కొత్త అలవాటో ఆ లెక్కల్లో దొరకదు. సీటుకు నంబరు ఉంటుంది గానీ కులం ఉండదు. ఇరానీ హోటల్ కుర్చీకీ అంతే. ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ ప్రాంతం నుంచి, బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఆ హోటళ్లు పెట్టాయి. పాలరాతి పలక వేసిన గుండ్రటి బల్ల, నాలుగు కర్ర కుర్చీలు, మూడు ఖాళీగా ఉంటే ముక్కూమొహం తెలియని ముగ్గురు వచ్చి కూర్చుంటారు. అనుమతి అడగరు, అడిగితేనే వింతగా చూస్తారు. డికాక్షను ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో పాత్రలో. పాలు ఎక్కువ కావాలంటే పౌనా. ఎవరు తాగినా అదే కప్పు, అదే బకెట్టు నీళ్లలో ముంచి తీసేది. శుభ్రత గురించి నన్నడక్కండి. కానీ దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి పాటించే పల్లె హోటలు ముందు దోసిలి పట్టి నీళ్లు తాగి వచ్చిన మనిషికి ఆ మురికి కప్పు ఎంత గౌరవంగా కనిపించి ఉంటుందో ఆలోచించండి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి దళితులను కూడగట్టిన భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో పుట్టి, ఈ నగరంలోనే పనిచేశారు. అది కేవలం కాకతాళీయమని నేననుకోను. కూడటానికి చోటు, చదవటానికి పత్రిక, పక్కవాడికి జవాబు చెప్పుకోనక్కర్లేని జనసమ్మర్దం, ఇవి పల్లెలో ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రమ్ 1972లో ఒక తమాషా విషయం రాశాడు. రోజూ ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఒకరినొకరు మొహాలతో గుర్తుపట్టి, ఏళ్లు గడిచినా ఒక్క మాటా మాట్లాడుకోనివాళ్లు నగరంలో ప్రతి మనిషికీ కొందరు ఉంటారట. వాళ్లే ఏ దూరదేశంలోనో ఎదురుపడితే మాత్రం పలకరించుకుంటారట. దీనికి మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. సికింద్రాబాదులో 10హెచ్ బస్సు కోసం రోజూ మన పక్కనే నిలబడి, కనీసం తలైనా పంకించని మనిషి, తిరుమల కంపార్ట్‌మెంటులో కనిపిస్తే ఎంత సంబరపడిపోతాడో చూడాలి. "అరే, మీరా!" అంటాడు. పిల్లల్ని పిలిచి "అంకుల్‌కి నమస్తే చెప్పు" అంటాడు. లడ్డూ టోకెన్ల సంగతి ఆరా తీస్తాడు. సోమవారం మళ్లీ బస్టాపులో కనిపిస్తే ఇద్దరం చిన్నగా నవ్వి ఫోన్లు తీస్తాం. అదే మర్యాద. ఊరికే మీద పడిపోకపోవడం కూడా నగరం నేర్పిన సంస్కారమే.

అంతకు ముందే న్యూయార్కు వీధుల గురించి రాసిన జేన్ జేకబ్స్ ఇంకో వివరం పట్టుకుంది. 1961లో వచ్చిన ఆమె పుస్తకంలో, ఆమె ఉండే వీధివాళ్లు ఊరెళ్తూ ఇంటి తాళంచెవులు మూల మీది తినుబండారాల కొట్టులో ఇచ్చి వెళ్తారని ఉంది. కొట్టతను స్నేహితుడు కాదు, బంధువు కాదు. స్నేహితుడు కాకపోవడం వల్లే నిశ్చింత: ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని అడగడు. మన కిరాణా కొట్లు చేసిందీ ఇదే కదా. తాళంచెవి, గ్యాసు బుక్కు, కొరియర్ కవరు, స్కూలు నుంచి ముందుగా వచ్చేసిన పిల్లాడు, అన్నీ ఆ గల్లా పక్కనే. ఖాతా పుస్తకంలో మన పేరు బదులు "మూడో అంతస్తు మాస్టారు" అని ఉండేది. ఎవరింట్లో నెలాఖరు ఇరవయ్యో తారీఖుకే వస్తుందో ఆ కొట్టతనికి తెలుసు. ఎవరికీ చెప్పడు. చెబితే వ్యాపారం దెబ్బతింటుందని కావచ్చు. ఫలితం బాగున్నప్పుడు కారణం ఎందుకు వెతకాలి?

ఇదంతా చదివి, పాత బస్సు బంగారం, కొత్త మెట్రో ఇత్తడి అని తీర్పు చెబుతున్నాననుకోకండి. ఆ బస్సులో ఆడవాళ్లు పడ్డ నరకం నాకు తెలుసు. ఆడవాళ్ల సీట్లకూ మగవాళ్లకూ మధ్య ఇనుప జాలీ కొట్టవలసి వచ్చిందంటే, అపరిచితుల మధ్య మర్యాద గురించి నేను చెబుతున్న మాటల్లో సగం కత్తిరించుకోవచ్చు. సేఫ్టీ పిన్ను చేతిలో పట్టుకుని ప్రయాణం చేసిన అక్కచెల్లెళ్లకు 2017 నవంబరులో మొదలైన మెట్రో, దాని కెమెరాలు, ఆడవాళ్ల పెట్టె ఎంత ఊరటో మగవాళ్లం పూర్తిగా ఊహించలేం. ఇంక ఇల్లు అద్దెకు వెతుక్కోవడం సంగతి. బస్సులో అడగని ప్రశ్న టు లెట్ బోర్డు దగ్గర అడుగుతారు. "మీరేమిట్లు?" అని మొదలుపెట్టి, "మాంసం తింటారా?" దగ్గర ఆగుతుంది. పేరు వినగానే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అనే జవాబు ముస్లిం స్నేహితులకు కొత్త కాదు. రోడ్డు మీద నగరం, గుమ్మం దగ్గర మళ్లీ పల్లె.

పైగా బస్సు మరీ చచ్చిపోలేదు కూడా. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ బస్సు ఆడవాళ్లదైపోయింది. మగవాళ్లం వెనక మెట్ల దగ్గర బుద్ధిగా వేలాడుతున్నాం. ఆధార్ కార్డు, జీరో టికెట్టు, చిల్లర ప్రసక్తే లేదు. మరి మాటలు? ఎర్రగడ్డ రైతు బజారు నుంచి వచ్చే బస్సులో ఒక మధ్యాహ్నం కూర్చుని చూడండి. ఒకామె సంచీలోంచి తోటకూర కట్ట తీసి చూపిస్తుంది, పక్కామె ఎంతకిచ్చారో అడిగి "నన్ను మోసం చేసిండ్రు" అంటుంది, ముందు సీటులోంచి ఇంకొకామె వెనక్కి తిరిగి ఏ స్టాల్లో కొనాలో చెబుతుంది. ముగ్గురూ ఒకరికొకరు తెలియదు. ఇదివరకు వీళ్లలో ఎంతమంది బస్సు ఖర్చు లెక్కేసుకుని ఇంటి దగ్గరే ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లో. ఉచితం మీద సీట్ల కొట్లాటలు, వీడియోలు, జోకులు చాలా వచ్చాయి. నా మటుకు ఆ పథకం ఖర్చు చదువుతున్నప్పుడు ఈ తోటకూర కట్టనూ లెక్కలో వేసుకుంటాను.

అపరిచితులతో మాట తగ్గిపోతున్నది పేదవాళ్ల వైపు కాదు, మా వైపు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్ల వైపు. 2016లో వచ్చిన యూపీఐతో చిల్లర బాధ తీరింది, నిజమే. దాంతో పాటు పాన్‌డబ్బా అతని మొహం చూసే పనీ తీరింది. స్కాన్ చేశాక పెట్టె మాట్లాడుతుంది, మనిషి మాట్లాడనక్కర్లేదు. మెట్రో టికెట్టు వాట్సాప్‌లో వస్తుంది. ఉప్పు అయిపోతే పది నిమిషాల్లో ఉప్పు వస్తుంది, పక్కింటి తలుపు తట్టి ఒక గిన్నె అప్పు అడిగే అవసరం రాదు. దారి తెలియకపోతే ఫోనులోంచి ఒకావిడ చెబుతుంది. ఆ ఆవిడకు సంగీత్ చౌరస్తా అంటే చౌరస్తా మాత్రమే. అక్కడి సంగీత్ టాకీసు కూలగొట్టి ఏళ్లయినా సికింద్రాబాదులో జనం ఇంకా దాని పేరుతోనే దిగుతున్నారు. ప్యారడైజ్ అంటే అందరికీ బిర్యానీ. అది ఒకప్పటి సినిమా హాలు పేరని దారి అడిగిన ఆటో అతనే నాకు చెప్పాడు. ఫోను చెప్పదు. దారి అడగడంలో ఉన్న లాభమే అది: అడిగినదానికి జవాబు తప్పుగా రావచ్చు గానీ, అడగనివి రెండు మూడు కలిపి వస్తాయి. అబిడ్స్‌లో కవులూ చిత్రకారులూ గంటల తరబడి కూర్చున్న ఓరియంట్ హోటలు ఎప్పుడో పోయింది. దాని తర్వాత పోయినవాటిని లెక్కపెట్టడం మానేశాను. ఉన్న వాటిలోనూ కొన్ని నిలబడి తాగే కౌంటర్లుగా మారాయి. అద్దెలు పెరిగితే ఒక్క చాయ్‌తో గంట కూర్చునేవాణ్ని ఏ యజమాని భరిస్తాడు? వాళ్లను తప్పు పట్టలేం.

ఇవన్నీ సౌకర్యాలు. ఎవరూ కుట్ర చేసి తెచ్చినవి కాదు, నేనూ రోజూ వాడుతున్నాను. వీటి వల్ల అపరిచితుణ్ని కలవడం తగ్గుతుంది, అంతే. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది.

1998లో సైబర్ టవర్స్ లేచిన తర్వాత నగరం పడమటికి పరుగెత్తింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి దాటి కోకాపేట దాకా ఆకాశంలోకి పోయింది. అక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో ఒక స్నేహితుడింటికి వెళ్లినప్పుడు చూశాను. గేటు దగ్గర నా ఫొటో తీశారు, ఫోనులో అనుమతి వచ్చాక లోపలికి పంపారు. అంతవరకూ సరే, భద్రత. కింద నాలుగు లిఫ్టులున్నాయి. మూడింటికి అద్దాలు, చల్లగాలి. చివరిదానికి గోడలకు చెక్క పలకలు కొట్టి ఉన్నాయి, పైన ఒక బోర్డు: పనివాళ్లు, డెలివరీ బాయ్స్, డ్రైవర్లు ఈ లిఫ్టే వాడాలి. సామాన్లు మోయడానికి వేరే లిఫ్టు ఉండటం నాకు అర్థమవుతుంది. సోఫా పట్టాలి కదా. కానీ ఆ బోర్డు మీద సామాను అన్న మాటే లేదు, మనుషుల పేర్లే ఉన్నాయి. చేతిలో ఏమీ లేని ఒకామె, పొద్దున్నే ఐదారిళ్లలో గిన్నెలు తోమడానికి వచ్చినామె, మూడు లిఫ్టులు ఖాళీగా తెరుచుకుని మూసుకుంటుంటే నాలుగోదాని కోసం నిలబడి ఉంది. నేను ఎక్కుతూ "రండమ్మా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "కెమెరా ఉంటది సార్, మేడమోళ్లు గ్రూపుల పెడ్తరు."

ఆమెలాంటివాళ్లు వండిన అన్నం ఆ ఇళ్లల్లో తింటారు. వాళ్ల చేతిలో పసిబిడ్డను పెట్టి ఆఫీసుకు వెళ్తారు. ముప్పై సెకన్లు ఒక పెట్టెలో పక్కన నిలబడటానికి మాత్రం అభ్యంతరం. ఇది యాప్‌ల వల్ల రాలేదు, సాఫ్ట్‌వేరు వల్ల రాలేదు. రెండు గ్లాసుల హోటలు నుంచి తప్పించుకుని నగరానికి వచ్చిన మనుషులకు, వాళ్ల పిల్లలకు, పద్దెనిమిదో అంతస్తులో మళ్లీ అదే ఎదురవుతోంది. ఈసారి దాన్ని కట్టింది దొరలు కాదు. నాలాగా, మీలాగా ఫుట్‌బోర్డు మీద వేలాడి, ఎవరి ఒళ్లోనో పుస్తకాల సంచీ పెట్టి, కండక్టరు కలిపిన అపరిచితుడితో నోటు పంచుకుని చదువుకున్నవాళ్లు. స్నేహితుణ్ని అడిగితే, "అసోసియేషన్ రూల్ అది, మనమేం చేస్తాం" అన్నాడు. అసోసియేషన్ అంటే ఎవరు? అతనూ అతని పక్కింటివాళ్లే. ఏడాదికోసారి క్లబ్ హౌసులో మీటింగు పెట్టుకుని, మెయింటెనెన్సు మీద, కుక్కల మీద, పార్కింగు మీద మూడు గంటలు వాదించుకుంటారు. బోర్డు గోడకు నాలుగు మేకుల మీద ఉంది.

మీరుండేచోట అలాంటి బోర్డు ఉంటే, ఈసారి మీటింగు ఎజెండాలో దాన్ని మొదటి అంశంగా పెట్టించండి. సామాన్లకు వేరే లిఫ్టు ఉంచుకోండి, అభ్యంతరం లేదు. మనుషుల పేర్లు మాత్రం దాని మీద నుంచి తీయించండి.